చుక్కల గౌన్ల పాటలు

పాత పాటకు కొత్త బీటు కట్టడం ఫిల్మ్‌నగర్‌కు బాగా తెలిసిన విద్యే. 1977 నాటి 'యమగోల'లో ఎన్టీఆర్‌ స్టెప్పులేసిన పాటకే, ముప్ఫై ఏళ్ల తర్వాత 'యమదొంగ'లో జూనియర్‌ ఎన్టీఆర్‌ చిందేశాడు. సినిమాలో ఒక్క పాటంటే సరే. బట్టలు, గొంతులు, చేతులు తిప్పే తీరు... అన్నీ నలభై ఏళ్ల వెనకటివే అయిన బ్యాండు ఎన్నాళ్లు నిలుస్తుంది? ఇంగ్లండులోని 'ద పిపెట్స్‌' కథ వినండి మరి!

1960ల మొదట్లో అమెరికాలో అమ్మాయిల బృందాలదే హవా. ఒకే రకం దుస్తులు వేసుకుని, ఒకే లయలో కదులుతూ పాడేవారు. 1963లో రోనెట్స్‌ పాడిన 'బీ మై బేబీ' అందుకు మచ్చుతునక. తర్వాత బీటిల్స్‌ లాంటి గిటారు కుర్రాళ్ల జోరులో ఆ ఫ్యాషన్‌ వెనకబడింది. దాన్ని మళ్లీ వేదికెక్కించాలని 2003లో బ్రైటన్‌ పట్టణంలో మాన్‌స్టర్‌ బాబీ అనే సంగీతకారుడికి ఆలోచన వచ్చింది. ముందు చుక్కల గౌన్లలో ముగ్గురమ్మాయిలు, వెనక వాయిద్యాలతో నలుగురబ్బాయిలు. ఆ అబ్బాయిల బృందం పేరు 'క్యాసెట్స్‌'!

2006 వాళ్లకు కలిసొచ్చిన ఏడాది. 'పుల్‌ షేప్స్‌' పాట బ్రిటన్‌ చార్టులో 26వ స్థానానికి చేరింది. జులైలో వచ్చిన తొలి ఆల్బమ్‌ను విమర్శకులు మెచ్చుకున్నారు. కానీ చార్టులో అది 41 దగ్గరే ఆగిపోయింది. 2008లో రోజీ, బెకీ ఇద్దరూ ఒకేసారి తప్పుకొన్నారు. ఇక మిగిలింది 2005లో వచ్చి చేరిన గ్వెనో సాండర్స్‌. చెల్లెలు ఆనీని కలుపుకొని 2010లో రెండో ఆల్బమ్‌ తెచ్చింది. ఈసారి అరవైల బాణీలు పోయి, ఎనభైల నాటి సింథసైజర్ల మోత మొదలైంది. జనం పెద్దగా పట్టించుకోలేదు. మరుసటి ఏడాది బ్యాండు కథ కంచికి చేరింది.

గ్వెనో కథ మాత్రం అక్కడే మలుపు తిరిగింది. ఆమె పుట్టింది వేల్స్‌ రాజధాని కార్డిఫ్‌లో. తండ్రి టిమ్‌ సాండర్స్‌ కార్నిష్‌ భాషా కవి. ఇంగ్లండు నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్‌ భాష అది. దాన్ని పుట్టుకతో మాట్లాడిన చివరి మనిషిగా చెప్పుకునే డాలీ పెంట్రీత్‌ 1777లోనే కన్నుమూసింది. ఇరవయ్యో శతాబ్దంలో కొందరు పట్టుబట్టి పాత రాతల్లోంచి దాన్ని బతికించుకున్నారు. ఆ భాషనే తండ్రి ఇంట్లో కూతుళ్లకు నేర్పాడు.

బ్యాండు పోయాక గ్వెనో ఇంటి భాషల వైపు తిరిగింది. మొదట వెల్ష్‌లో పాడింది. 2018లో 'లె కోవ్‌' ఆల్బమ్‌ మొత్తాన్నీ కార్నిష్‌లోనే చేసింది. తర్వాతి ఆల్బమ్‌ 'ట్రెసోర్‌' 2022లో ప్రతిష్ఠాత్మక మెర్క్యురీ బహుమతి తుది జాబితాకెక్కింది. ట్రెసోర్‌ అంటే నిధి!

అరువు తెచ్చుకున్న పాతదనం ఎనిమిదేళ్లే నిలిచింది. నాన్న నోట విన్న పాతదనం ఆమెకు కొత్త జీవితాన్నిచ్చింది. ఇంట్లో పిల్లలతో తెలుగు మాట్లాడితే ఏమొస్తుందని అడిగేవాళ్లకు ఓసారి వినిపించాల్సిన పాటలే అవి.