జపాను యువతుల గానబృందము: మార్నింగ్ ముసుమే

ప్రసారసంస్థలలో స్వరపరీక్షలు జరుగుతూ ఉండుట పాఠకులకు తెలిసిన సంగతే. పరీక్షలో నెగ్గినవారి గొంతు కొన్నాళ్లకు మన యింటి రేడియోలో వినబడుతుంది. నెగ్గనివారి పేర్లు దస్త్రములలో మిగిలిపోతవి. వారు తరువాత ఏమైనారో విచారించే అలవాటు మాబోటి ప్రసారోద్యోగులకు కూడా అంతగా లేదు. కాని జపాను దేశములో 1997లో జరిగిన ఒక పరీక్ష ఇందుకు భిన్నమైనది. అందులో గెలిచిన గాయనికంటె ఓడిన అయిదుగురే దేశమంతటా ప్రసిద్ధులైనారు. వారితో ఏర్పడిన బృందము పాతికేళ్లు దాటినా పాడుతూనే ఉన్నది. అయితే ఆ అయిదుగురిలో ఒక్కరైనా నేడు అందులో లేరు. మొదటివారందరూ వెళ్లిపోయినా బృందము ఎట్లు నిలిచినది? అట్లు నిలుచుటకు ఎవరు ఏమి వెచ్చించినారు? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము చెప్పుటకే ఈ వ్యాసము.

ముందుగా ఒక మాట వివరించవలసి ఉన్నది. ఇట్టి గాయనులను జపానులో “ఐడల్” అంటారు. ఆంగ్లములో విగ్రహమని అర్థము. 1963లో ఫ్రాన్సులో తయారైన ఒక చలనచిత్రము మరుసటి యేడు జపానులో ప్రదర్శింపబడినది. అందులో కనిపించిన సిల్వీ వర్తాన్ అనే గాయనిపై జపాను యువజనులకు కలిగిన మోజుతో ఈ మాట వాడుకలోకి వచ్చినదని చెబుతారు. ఐడల్ కేవలము గాయని కాదు. విద్వాంసురాలి వద్ద మనము సిద్ధమైన విద్యను ఆశిస్తాము. ఐడల్ వద్ద ప్రేక్షకుడు ఆశించేది విద్య అలవడే క్రమము. తడబడుతూ మొదలుపెట్టిన పిల్ల నానాటికి మెరుగుపడుతూ ఉంటే, ఆమెను మొదటినుండి ఎరిగినవాడనని అభిమాని సంతోషిస్తాడు.

ఈ క్రమమును ఇంటింటికి చేర్చినది టెలివిజన్. 1971లో నిప్పన్ టెలివిజన్ వారు “నక్షత్ర జననము” అనే అర్థము గల పేరుతో ఒక పోటీ కార్యక్రమము ప్రారంభించినారు. దాని ద్వారా వచ్చిన యమగుచి మొమొయె 1973లో తొలి పాట విడుదల చేసి, 1980లో ఇరువది యొక్క యేండ్లకే రంగము విడిచినది. 1985లో మరొక టెలివిజన్ కార్యక్రమము నుండి ఓన్యాంకో క్లబ్ అనే పెద్ద బృందము పుట్టినది. అందులో సభ్యురాండ్రకు వరుస సంఖ్యలుండేవి. ఎవరైనా బృందము విడిచినప్పుడు, బడిలో చదువు ముగించినట్లుగా “సొత్సుగ్యో” అనేవారు. పట్టము పుచ్చుకొని పాఠశాల వదలుట అని ఆ మాటకు అర్థము. 1987లో ఆ బృందము ముగిసినా ఈ మాట నిలిచిపోయినది. మన కథలో దీని పాత్ర పెద్దది.

ఇక 1997 సంగతి. టీవీ టోక్యో సంస్థ “ఆసాయాన్” అనే కార్యక్రమములో రాక్ సంగీతము పాడగల యువతికై ఒక పరీక్ష నడిపినది. హెయికె మిచియో అనే ఆమె గెలిచినది. జపాను వారును మన తెలుగువారి వలెనే ఇంటిపేరు ముందుంచి తరువాత సొంతపేరు చెబుతారు గనుక ఇక్కడ పేర్లను ఆ ప్రకారమే వ్రాస్తున్నాము. చివరి వరకు వచ్చి నెగ్గలేకపోయిన వారిలో అయిదుగురిని త్సున్కు అనే సంగీతకారుడు ఎన్నుకొన్నాడు. ఆయన షారన్ క్యూ అనే వాద్యబృందములో ప్రధాన గాయకుడు. ఆ అయిదుగురు నకజావా యూకో, ఇషిగురో ఆయా, ఈదా కావొరి, ఆబె నత్సుమి, ఫుకుదా ఆసుకా. వీరిలో ముగ్గురు ఉత్తరపు దీవియైన హొక్కైదో నుండి వచ్చినవారు. నకజావా అంతకు ముందు కార్యాలయములో ఉద్యోగము చేసేది. తొలి పాట అధికారికముగా విడుదలైన నాటికి ఆమెకు ఇరువది నాలుగేండ్లు, ఫుకుదాకు పదమూడు.

బృందానికి త్సున్కు పెట్టిన పేరు మార్నింగ్ ముసుమే. “ముసుమే” అనగా ఆడపిల్ల, కూతురు. జపాను కాఫీ దుకాణములలో ఉదయము పూట కాఫీతో పాటు రొట్టె, గుడ్డు మొదలైనవి తక్కువ ధరకే కలిపి ఇస్తారు. అట్లే ఒక్క బృందములో పలు రుచులు దొరకవలెనని ఆయన ఉద్దేశము. జపాను లిపిలో ఈ పేరు చివర వాక్యాంతమున పెట్టే చిన్న సున్న కూడా ఉంటుంది.

ఎన్నిక జరిగినంత మాత్రాన అవకాశము దొరకలేదు. అయిదు దినములలో 50,000 సీడీలు తమ చేతులతో అమ్మితేనే బృందము నిలుస్తుందని షరతు పెట్టినారు. 1997 నవంబరులో ఆ అయిదుగురూ ఒసాకా, ఫుకుఓకా, సప్పొరో, నగోయా నగరములకు వెళ్లి, కొన్నవారికి కృతజ్ఞతలు చెబుతూ, కరచాలనము చేస్తూ “ఆయి నో తానే” అనే పాట అమ్మినారు. నాలుగవ దినముననే లెక్క పూర్తియైనది. ఆ నెలలో జపాను దేశస్థితి ఎట్లున్నదో గుర్తుంచుకొనుట అవసరము. హొక్కైదో తకుషొకు బ్యాంకు కూలినది కూడా ఆ నవంబరులోనే. యమాయిచి అనే పెద్ద వాటాల వ్యాపార సంస్థ మూతపడినది కూడా అప్పుడే. ఉద్యోగము శాశ్వతమని నమ్మిన కుటుంబములు కలవరపడుతున్న రోజులవి. పరీక్షలో ఓడి, మళ్లీ నిలువ ప్రయత్నించే అయిదుగురు అమ్మాయిలను అట్టి సమయములో ప్రజలు తమవారిగా భావించుటలో ఆశ్చర్యము లేదు.

1998 జనవరి 28న “మార్నింగ్ కాఫీ” అనే పాటతో బృందము అధికారికముగా రంగప్రవేశము చేసినది. కొద్ది నెలలకే త్సున్కు ఎవరూ ఊహించని పని చేసినాడు. యగుచి మారి, యసుదా కేయి, ఇచీ సయాకా అనే మరి ముగ్గురిని చేర్చినాడు. చెమటోడ్చి 50,000 సీడీలు అమ్మినవారికి ఈ వార్త రుచించలేదు. ఆ అసంతృప్తిని కూడా కార్యక్రమము వారు దాచకుండా ప్రసారము చేసినారు. అయినను ఎనిమిదిమంది కలిసి పాడిన “దాయితే హోల్డ్ ఆన్ మీ!” ఆ సెప్టెంబరులో అమ్మకముల పట్టికలో ప్రథమస్థానము పొందినది. ఆ యేటి చివర ఎన్.హెచ్.కె. వారి ఎరుపు తెలుపు పాటల పోటీకి బృందానికి పిలుపు వచ్చినది. సంవత్సరాంతమున జపాను కుటుంబములు కలిసి కూర్చుండి చూచే ఈ కార్యక్రమము 1951 జనవరి 3న రేడియోలో ప్రారంభమైనదని మన శ్రోతలకు చెప్పుట సముచితము. 1998 మొదలు 2007 వరకు పది సంవత్సరములు వరుసగా ఈ బృందము అందులో పాల్గొన్నది.

1999 ఏప్రిల్‌లో ఫుకుదా ఆసుకా చదువు కోసము బృందము విడిచినది. అప్పుడామె వయస్సు పదునాలుగు. బృందములో తొలి సొత్సుగ్యో ఆమెదే. మంచి గొంతు గల ఆ పిల్ల వెళ్లిన తరువాత వేసవిలో వచ్చిన పాటకు ఆశించిన ఆదరణ లభించలేదు. బృందము పని అయిపోయినదనే వారు బయలుదేరినారు. అప్పుడు మూడవ తరానికి పరీక్ష నడిచినది. ఇద్దరిని తీసికొనదలచి, చివరకు గోతో మాకి అనే పదమూడేండ్ల బాలికను ఒక్కర్తెనే తీసికొన్నారు. ఆమె చేరిన తరువాత 1999 సెప్టెంబరులో వెలువడిన “లవ్ మెషీన్” 16 లక్షలకు పైగా అమ్ముడుపోయినది. మాంద్యముతో క్రుంగి ఉన్న దేశములో ఆ ఉల్లాసపు పాటకు వృద్ధులు, ఉద్యోగులు కూడా అడుగులు కలిపినారు.

ఇక్కడనే బృందపు అసలు యంత్రాంగము స్పష్టమైనది. దానిని మూడు అంగములుగా చెప్పుకోవచ్చును. మొదటిది తరముల క్రమము. కొద్ది కాలమునకు ఒకమారు పరీక్ష పెట్టి కొత్తవారిని చేర్చుకొంటారు. ఏ తరములో చేరినది అనేది ప్రతి సభ్యురాలికీ ఒక గుర్తింపు. రెండవది శిక్షణ. కొత్తగా వచ్చినవారిని పాతవారికి అప్పగిస్తారు. గోతోకు నేర్పే బాధ్యత ఇచీ సయాకాకు ఇచ్చినారు. ఒక యేడు ముందుగా చేరినవారే ఈ విధముగా గురువులౌతారు. మూడవది వీడ్కోలు. వెళ్లే సభ్యురాలి సంగతి నెలల ముందుగా ప్రకటించి, చివరి కచేరీలో ఆమెను గౌరవించి పంపుతారు. ఆమె పాడే చరణములు మరునాటినుండి మరొకరివి అవుతవి. వీటికి తోడు తన్‌పొపొ, పుచ్చి మోని, మినీమోని వంటి చిన్న బృందములు లోపలే ఏర్పడినవి. వెనుక వరుసలో నిలిచినవారికి ముందుకు వచ్చే అవకాశము వీటి వలన కలిగినది.

ఈ పద్ధతి మీద బృందము వేగముగా పెరిగినది. 2000లో నలుగురు చేరినారు. వారిలో ఇద్దరికి పన్నెండేండ్లే. 2001లో నకజావా వెళ్లిన తరువాత మరి నలుగురు రాగా సంఖ్య పదమూడు అయినది. 2003లో కొంతకాలము పదహారుగురు ఉన్నారు. ఇంతమంది కాగానే ఒక్కొక్కరి పేరు గుర్తుంచుకొనుట సామాన్య ప్రేక్షకునికి కష్టమైనది, అమ్మకములు తగ్గినవి. అయిదుగురిలో చివరిదైన ఈదా కావొరి 2005 జనవరిలో వీడ్కోలు తీసికొన్నది.

ఈ కథలోని మరియొక పార్శ్వమును మరుగుపరచుట న్యాయము కాదు. ఆ యేటి ఏప్రిల్‌లోనే, కొత్తగా నాయకురాలైన ఇరువది రెండేండ్ల యువతి తన ప్రియునితో ఉన్న ఛాయాచిత్రము ఒక పత్రికలో అచ్చయినందున బృందమును విడువవలసి వచ్చినది. ఆమెకు వీడ్కోలు కచేరీ లేదు. చట్టము దృష్టిలో ఆమె చేసిన తప్పు ఏదీ లేదు. అభిమానుల ఊహకు భంగము కలిగినది, అంతే. పాటతో పాటు పాడే మనిషి యౌవనమును, ఏకాంతమును కూడా తాము కొన్నామని ప్రేక్షకులు భావించినప్పుడు, సంస్థ దానిని కాదనకుండా వ్యాపారము సాగించినప్పుడు ఇట్టి అన్యాయము తప్పదు. పన్నెండేండ్ల పిల్ల అభ్యాసము, అలసట, కన్నీరు ప్రసారయోగ్యమైన వస్తువులుగా మారుట మనవంటి ప్రసారకులు ఆలోచించవలసిన విషయము.

2007లో చైనా దేశము నుండి ఇద్దరు చేరినారు. ఆ తరువాతి సంవత్సరములలో బృందము పెద్ద పత్రికల శీర్షికలకెక్కుట తగ్గినది. ఇంతలో 2005 డిసెంబరున టోక్యోలోని అకిహబరాలో మొదలైన ఏకేబీ48 అనే మరొక బృందము, తన సొంత నాటకశాలతోను, అభిమానుల వోట్లతోను జనమును ఆకర్షించినది. మార్నింగ్ ముసుమే వారు అట్టి పోటీకి దిగలేదు. 2011లో తొమ్మిదవ తరము చేరిన తరువాత నృత్యముపై శ్రద్ధ పెట్టినారు. పదిమంది ఒక్క శరీరమువలె కదలుతూ క్షణక్షణము వరుసలు మార్చే పద్ధతి వారి కొత్త ముద్ర అయినది. 2013 జనవరిలో విడుదలైన పాటతో మళ్లీ పట్టికలో ప్రథమస్థానము అందుకొన్నారు. 2014 నుండి బృందపు పేరు చివర ఆ సంవత్సరపు అంకెలు చేర్చుకొనే ఆచారము పెట్టినారు. ప్రతి యేడూ ఇది కొత్త బృందమే అని చెప్పుకొనుట దాని భావము.

2015లో త్సున్కు విషయము జపాను ప్రజలను కదిలించినది. తాను చదివిన కింకి విశ్వవిద్యాలయములో ప్రవేశోత్సవమునకు వచ్చి, స్వరపేటిక క్యాన్సరు కారణముగా తన గొంతును కోల్పోయినట్లు ఆయన తెలియజేసినాడు. మాటలాడలేడు గనుక ఆయన సందేశమును తెరపై అక్షరములుగా చూపినారు. ఎందరో పిల్లలకు పాడుట నేర్పినవాడు ఆయన. పాడలేకపోయినా పాటలు కట్టుట మాత్రము మానలేదు.

2019లో పదిహేనవ తరముగా ముగ్గురు బాలికలు చేరినారు. వారిలో ఇద్దరు, మొదటి అయిదుగురిలో చివరి ఆమె వెళ్లిపోయిన తరువాత పుట్టినవారు. 1997లో చేతులతో సీడీలు అమ్మినవారిని వారు బృందములో చూచి ఎరుగరు. అయినను ఆ పాటలనే పాడినారు, అదే వరుసలలో నిలిచినారు.

మొదట వేసిన ప్రశ్నలకు ఇప్పుడు సమాధానము చెప్పవచ్చును. బృందము నిలిచినది ఎవరినీ శాశ్వతముగా పట్టి ఉంచకపోవుట వలన. వెచ్చించినవారు మాత్రము చిన్నవయస్సులో వచ్చిన ఆడపిల్లలు. కనుక ఇట్టి బృందములను అమ్మకముల సంఖ్యతో మాత్రమే తూచరాదు. వెళ్లదలచిన పిల్లకు గౌరవముగా తెరిచిన ద్వారము ఉన్నదా, ఆ ద్వారము అవతల ఆమెకు సొంత జీవితము మిగిలి ఉన్నదా అని కూడా చూడవలెను. పదునాలుగేండ్లకు బడికి తిరిగి వెళ్లిన ఫుకుదా ఆసుకాకు ఆ ద్వారము దొరికినది. 2005లో నాయకురాలికి దొరకలేదు. పిల్లల పోటీ కార్యక్రమములు మన దేశములోను ఇంటింటా చూడబడుతున్న ఈ కాలములో, ఈ రెండు ఉదాహరణలను తలిదండ్రులు, ప్రసారకులు, ప్రేక్షకులు గుర్తుంచుకొనుట మేలని మా అభిప్రాయము.