సర్దార్ సుర్జీత్ సింగ్ బర్నాలా : గవర్నరు పదవియు దాని మేరయు

హోసూరునకు సమీపమందలి తొరపల్లి గ్రామమున 1878లో జన్మించిన చక్రవర్తి రాజగోపాలాచారిగారు 1947లో పశ్చిమ బెంగాలునకు గవర్నరును, 1948లో భారతదేశమునకు గవర్నరు జనరలును అయిరి. కావున కృష్ణగిరి సీమవారికి గవర్నరు అను మాట క్రొత్తది కాదు. అయినను ఆ పదవికి గల అధికారమెంత, దాని మేర యెంత అను విషయమున చదివినవారికిని సందేహములు కలవు. తమ పాఠశాలలకు కష్టము కలిగినపుడు అల్పసంఖ్యాక భాషలవారు రాజభవనమువైపు చూచుట కద్దు. అచ్చట వారికి లభింపదగిన దేమి, లభింపజాలని దేమి అను ప్రశ్నకు సర్దార్ సుర్జీత్ సింగ్ బర్నాలాగారి జీవితము స్పష్టమైన సమాధానము చెప్పుచున్నది. వీరు ఆంధ్రప్రదేశమునకును తమిళనాడునకును గూడ గవర్నరుగా నుండిరి.

సిక్కు మతస్థులలో చెన్నపట్టణపు రాజభవనమున నివసించినవారు వీరొక్కరే కారు. పంజాబు గవర్నరుగా నుండిన సర్దార్ ఉజ్జల్ సింగుగారు 1966లో ఇచ్చటికి వచ్చి 1971 వరకు నుండిరి. మద్రాసు రాష్ట్రము తమిళనాడు అను పేరు దాల్చినది వారి కాలముననే. కాని రెండుమారులు ఈ పదవి నధిష్ఠించుటయు, మొదటిమారు దానిని విడిచిన విధమును బర్నాలాగారికే చెల్లినవి.

జన్మము, విద్య, రాజకీయ ప్రవేశము

బర్నాలాగారు 1925 అక్టోబరు 21వ తేదీన, నేడు హర్యానాలోనున్న అటేలీ యను ఊర జన్మించిరి. తండ్రి మేజిస్ట్రేటు. లక్నో విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రము చదివి 1946లో పట్టము పొందిరి. విద్యార్థి దశలోనే 1942నాటి క్విట్ ఇండియా ఉద్యమమున పాల్గొనిరి. తరువాత న్యాయవాది వృత్తి నవలంబించి అకాలీదళమున చేరిరి. 1967లో పంజాబు శాసనసభకు ఎన్నికయి, 1969లో గుర్నామ్ సింగుగారి మంత్రివర్గమున విద్యామంత్రి యైరి. ఆ సంవత్సరముననే అమృతసరమున గురునానక్ పేర విశ్వవిద్యాలయము వెలసినది.

అకాలీదళము పంజాబీ భాషకు ప్రత్యేక రాష్ట్రము కావలెనని చిరకాలము పోరాడిన పక్షము. 1953లో ఆంధ్రులకు లభించినది 1966 నవంబరు 1న పంజాబీలకు లభించినది. భాషను బట్టి గీచిన ఏ గీతయైనను కొందరిని ఆవలివైపున విడిచిపెట్టక తప్పదు. హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల తెలుగువా రట్లు సేలము జిల్లాలో నిలిచిపోయినవారే. కావున బర్నాలాగారి పక్షము పడిన ఆరాటము వారికి సుబోధము.

1977లో బర్నాలాగారు లోకసభకు ఎన్నికయి మొరార్జీ దేశాయిగారి మంత్రివర్గమున వ్యవసాయ, నీటిపారుదల శాఖలను నిర్వహించిరి. ఆ యేటి నవంబరులో ఫరక్కావద్ద గంగాజలముల పంపకమును గురించి బంగ్లాదేశముతో కుదిరిన ఒడంబడికపై భారతదేశము పక్షమున సంతకము చేసినది వీరే. కర్ణాటకమునుండి దిగివచ్చు దక్షిణ పినాకినిని నమ్ముకొన్న హోసూరు రైతులకు అట్టి ఒడంబడికల విలువ వేరుగ చెప్ప నక్కరలేదు.

ముఖ్యమంత్రి పదవి, పతనము

1985 జూలైలో ప్రధాని రాజీవ్ గాంధీగారితో ఒప్పందము చేసికొన్న సంత్ హర్‌చంద్ సింగ్ లోంగోవాల్‌గారు మరుసటి నెలలోనే హత్యకు గురియైరి. సెప్టెంబరు ఎన్నికలలో అకాలీదళము గెలువగా బర్నాలాగారు ముఖ్యమంత్రి యైరి. ఏడు నెలలకే సంకటము వచ్చినది. స్వర్ణదేవాలయ ప్రాంగణమున చేరిన తీవ్రవాదులను పట్టుటకు 1986 ఏప్రిల్ చివర పోలీసులను లోనికి పంపవలసి వచ్చెను. పక్షము చీలినది, మతపెద్దలు వీరిని వెలివేసిరి. 1987 మే నెలలో కేంద్రము వీరి ప్రభుత్వమును తొలగించి రాష్ట్రపతి పాలన విధించెను.

1988 చివర వీరు అకాల్ తఖ్తు ఎదుట తలవంచి, స్తంభమునకు కట్టబడి నిలుచుటయు, భక్తుల పాదరక్షలు తుడుచుటయు మొదలగు ప్రాయశ్చిత్తములను స్వీకరించిరి. ముఖ్యమంత్రిగా నుండినవా రిట్లు చేయుట దేశమున అపూర్వము.

వ్రాయని నివేదిక

1990 మే నెలలో బర్నాలాగారు తమిళనాడు గవర్నరుగా వచ్చిరి. అప్పటి ముఖ్యమంత్రి ఎం. కరుణానిధిగారు. కొలది నెలలలో ఢిల్లీలో ప్రభుత్వము మారి చంద్రశేఖర్‌గారు ప్రధాని యైరి. శ్రీలంక తమిళ పులులపట్ల రాష్ట్రప్రభుత్వము ఉదాసీనముగా నున్నదను ఆరోపణ బలపడినది. ప్రభుత్వమును తొలగించుటకు అనువైన నివేదికను గవర్నరునుండి కేంద్రము ఆశించెను. బర్నాలాగారు వ్రాయలేదు.

రాజ్యాంగము 356వ అధికరణము ప్రకారము గవర్నరు నివేదికవలన గాని, అన్యథా గాని పరిస్థితి తెలిసినచో రాష్ట్రపతి చర్య తీసికొనవచ్చును. కేంద్రము ఆ ‘అన్యథా’ అను మాటనే ఆధారము చేసికొని 1991 జనవరి 30న ప్రభుత్వమును తొలగించెను. బర్నాలాగారిని బీహారునకు బదిలీ చేయగా, అచ్చటికి పోక పదవినే త్యజించిరి. నాలుగేండ్లకు ముందు ఆ అధికరణము దెబ్బ తామే తిన్నవారు. అదే ఆయుధమును మరియొకరిపై ప్రయోగించుటకు చేయి సాచలేదు. 1994లో బొమ్మై కేసు తీర్పున సుప్రీంకోర్టు ఈ అధికారమునకు కట్టుబాట్లు విధించినది.

ఆంధ్రప్రదేశము, మరల తమిళనాడు

1997లో ఉపరాష్ట్రపతి పదవికి పోటీచేసి, ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా నుండిన కృష్ణకాంత్‌గారి చేతిలో ఓడిపోయిరి. 1998లో కేంద్రమంత్రి యైరి. 2000 నవంబరులో ఉత్తరాంచలమునకు ప్రథమ గవర్నరైరి. 2003 జనవరిలో హైదరాబాదునకు వచ్చిరి. ఆ యేటి నవంబరులో చంద్రబాబునాయుడుగారి మంత్రివర్గము సలహాపై శాసనసభ రద్దయినది. 2004 మే 14న వై. ఎస్. రాజశేఖరరెడ్డిగారిచే ముఖ్యమంత్రిగా ప్రమాణము చేయించినదియు వీరే. 2004 నవంబరులో మరల చెన్నపట్టణము చేరిరి. ఎవరి ప్రభుత్వమునకు వ్యతిరేకముగా 1991లో నివేదిక వ్రాయలేదో ఆ కరుణానిధిగారిచే 2006లోను, వారి ప్రత్యర్థి జయలలితగారిచే 2011లోను ప్రమాణము చేయించిరి. 2011 ఆగస్టు 31న వీరి స్థానమున కొణిజేటి రోశయ్యగారు వచ్చిరి. బర్నాలాగారు 2017 జనవరి 14న చండీగఢమున పరమపదించిరి.

పదవి మేర

2006లోనే తమిళనాడు తమిళ అభ్యసన చట్టము వచ్చినది. 2006–07లో ఒకటవ తరగతితో మొదలయి, ఏటేట ఒక తరగతి చొప్పున పెరిగి, 2015–16నాటికి పదవ తరగతి వరకు తమిళము ప్రథమభాషగా అనివార్యమైనది. రాష్ట్రభాషను నేర్వవలె ననుటలో తప్పు లేదు. కాని ప్రథమభాషాస్థానమున నుండిన తెలుగు ఐచ్ఛికమగుటచే హోసూరు, కృష్ణగిరి పాఠశాలలకు సంకటము కలిగినది. అల్పసంఖ్యాక భాషలవారు న్యాయస్థానముల నాశ్రయించిరి.

పంజాబీకై పోరాడిన పక్షమునుండి వచ్చిన గవర్నరు దీని నేల ఆపలేదని అడుగవచ్చును. గవర్నరు మంత్రివర్గము సలహాకు లోబడి నడువవలెనని 163వ అధికరణము చెప్పుచున్నది. ఎన్నికైన ప్రభుత్వమును 1991లో గౌరవించిన న్యాయమే 2006లోను వర్తించును. ఒకచోట ఆ కట్టుబాటును మెచ్చి, వేరొకచోట తప్పుపట్టుట పొసగదు.

బిడ్డలకు ప్రాథమికదశలో మాతృభాషయందు బోధన కలిగింపవలెనని 1956లో చేరిన 350–ఏ అధికరణము ఆదేశించుచున్నది. ఆ హక్కును కాపాడు స్థానములు శాసనసభ, న్యాయస్థానము. అన్నిటికంటె ముందు, బిడ్డను తెలుగు బడిలో చేర్పించు తల్లిదండ్రుల ఇల్లు. పదవికి మేర గలదని తెలిసి, ఆ మేరను దాటుమన్నపుడు పదవినే విడిచినవారు బర్నాలాగారు. వారి జీవితమునుండి అల్పసంఖ్యాక భాషలవారు గ్రహింపదగిన పాఠ మిదియే.