పాత ఇల్లు: దంపతుల చేతిలోని అమానతు

బాచుపల్లి పేరు వినగానే నేడు చాలామందికి ఎత్తైన అపార్ట్‌మెంట్లు, ఇంజనీరింగ్ కళాశాలలు, మందుల కర్మాగారాలు గుర్తుకు వస్తాయి. ఆ ఊరికి అంతకు పూర్వపు రూపం ఒకటుంది. 2016 అక్టోబరులో మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా ఏర్పడేవరకు అది రంగారెడ్డి జిల్లాలోని ఒక గ్రామం. 2019లో నిజాంపేట, ప్రగతినగర్‌లతో పాటు నిజాంపేట నగరపాలక సంస్థలో చేరింది. పంచాయతీ కాలంలో కట్టుకున్న ఒకటి రెండు అంతస్తుల ఇళ్లు ఈనాటికీ అక్కడి సందుల్లో, కొత్త భవనాల నీడన నిలిచి ఉన్నాయి. ఎర్ర ఇటుక గోడలు, ఇనుప కిటికీలు, వాకిట్లో సంపు, మిద్దెపై ఒక నీళ్ల ట్యాంకు వాటి ఆనవాళ్లు.

ఇటువంటి ఇళ్లలో అనేక ముస్లిం కుటుంబాలు కాపురముంటున్నాయి. కొందరికి అది తండ్రి కట్టించిన ఇల్లు. మరికొందరు అద్దె తక్కువని చేరినవారు. మియాపూర్‌కు 2017 నవంబరులో మెట్రో రైలు వచ్చాక, హైటెక్ సిటీలో ఉద్యోగం చేసే యువ దంపతులకు ఈ ప్రాంతం మరింత అనుకూలమైంది. భర్త ఉదయం వెళ్లి రాత్రి ఇల్లు చేరుతాడు. కప్పు కురిసినా, మోటారు ఆగినా, గోడ చెమ్మగిల్లినా మొదట చూసేది ఇల్లాలే. పాత ఇంట్లో మరమ్మతు అంటే ఇటుక, సిమెంటుల వ్యవహారంతో ముగిసేది కాదు. అందులో ప్రాణ భద్రత ఉంది, సంపాదన ఉంది, తోబుట్టువుల హక్కు ఉంది, ఆలుమగల అనురాగం కూడా ఉంది.

కూలబోయే గోడ నేర్పే పాఠం

నివాస గృహాన్ని ప్రశాంతతకు నెలవుగా చేయడం తన అనుగ్రహమని అల్లాహ్ దివ్య ఖుర్ఆన్‌లోని నహ్ల్ సూరాలో గుర్తుచేశాడు. కహఫ్ సూరాలో ఒక గోడ మరమ్మతు ప్రస్తావనే ఉంది. హజ్రత్ మూసా (అలైహి), ఆయనతో ప్రయాణిస్తున్న దైవదాసుడు ఒక ఊరికి చేరుకుంటారు. ఆ ఊరివారు వారికి ఆతిథ్యమివ్వరు. అయినప్పటికీ అక్కడ పడిపోనున్న గోడను ఆ దైవదాసుడు ప్రతిఫలం తీసుకోకుండా నిలబెడతాడు. ఆ గోడ కింద ఇద్దరు అనాథ బాలుర నిధి ఉందని, వారి తండ్రి సజ్జనుడని తరువాత వెల్లడవుతుంది. సకాలంలో గోడను నిలబెట్టడం వల్ల రేపటి తరం హక్కు కాపాడబడింది. పాత ఇంట్లో ఉండేవారు మననం చేసుకోదగిన వృత్తాంతమిది.

వాన రాకముందే మిద్దె ఎక్కండి

హైదరాబాదు ప్రాంతంలో నైరుతి ఋతుపవనాలు జూన్‌లో ప్రవేశిస్తాయి. కాబట్టి కప్పు పనులకు ఏప్రిల్, మే నెలలే తగిన సమయం. గదిలో మరక కనిపించిన చోటికి సరిగ్గా పైననే లోపం ఉండాలన్న నియమం లేదు. నీరు స్లాబు లోపల కొంత దూరం పాకి దిగువకు రావచ్చు. ముందుగా చూడవలసినవి మూడు. వాన నీటి గొట్టం మూతి ఆకులతో, మట్టితో మూసుకుపోయిందా? పిట్టగోడ, స్లాబు కలిసే మూలలో చీలిక ఉందా? ట్యాంకు నిండి పొర్లిన నీరు ఒకే చోట నిలుస్తున్నదా? ఈ మూడూ సరిచేస్తే చాలా ఇళ్లలో సగం సమస్య తీరుతుంది.

చీలికలను కొద్దిగా వెడల్పు చేసి, దుమ్ము దులిపి, పాలిమర్ కలిపిన సిమెంటుతో నింపి, దానిపై వాటర్ ప్రూఫ్ పూత వేయాలి. మిద్దెపై నీరు నిలిచే పల్లాలు ఎక్కువగా ఉంటే మేస్త్రీలు ‘కోబా’ అని పిలిచే ఇటుక ముక్కల పరుపును నూరు అడుగులకు ఒక అడుగు చొప్పున వాలుతో వేయించాలి. సిమెంటు పని చేశాక కనీసం వారం రోజులు తడపడం మరువరాదు. ఎండాకాలంలో ఈ పనిని అశ్రద్ధ చేస్తే పెట్టిన ఖర్చంతా కొత్త పగుళ్ల పాలవుతుంది.

స్లాబు అడుగున పెచ్చులూడి ఇనుప చువ్వలు బయటపడితే, పైపైన ప్లాస్టరు పూయించి ఊరుకోకండి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి, చుట్టూ ఉన్న కాంక్రీటును నెట్టివేస్తుంది. వదులైన కాంక్రీటు తొలగించి, చువ్వలను ఇనుప కుంచెతో రుద్ది, తుప్పు నిరోధక పూత వేసిన పిమ్మటే కొత్త కాంక్రీటు పట్టించాలి. తుప్పు ఎక్కువ మేర వ్యాపించి ఉంటే స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవడం తప్పనిసరి. అంతవరకు ఆ గదిలో పిల్లలను పడుకోబెట్టకూడదు.

పిట్టగోడ సంగతి మరొకటి. పిట్టగోడ లేని మిద్దెపై నిద్రించేవాడు తన ప్రాణానికి తానే బాధ్యుడన్న భావం గల హెచ్చరిక అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. వేసవి రాత్రులు మిద్దెపై పడుకునే కుటుంబాలు, వదులైన పిట్టగోడను రేపటికి వాయిదా వేయడం తగదు.

పగుళ్లపై తేదీ వేయండి

ప్రతి పగులూ ప్రమాద సూచిక కాదు. ప్లాస్టరుపై వెంట్రుక వాసి గీతలు సాధారణం. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా సాగేవి, ఇటుకల వెంట మెట్లు మెట్లుగా దిగేవి, గోడకు రెండు వైపులా కనిపించేవి మాత్రం శ్రద్ధగా గమనించాలి. పగులు రెండు చివరలా పెన్సిలుతో గీత గీసి, పక్కనే తేదీ రాసి ఉంచండి. నెల రోజుల తరువాత అది గీత దాటి సాగిందంటే, పునాది కదులుతున్నదేమోనని నిపుణునిచేత పరీక్ష చేయించాలి.

బాచుపల్లి వంటి చోట ఈ జాగ్రత్తకు మరో కారణం ఉంది. పాత ఇళ్ల పక్కనే బహుళ అంతస్తుల భవనాల కోసం లోతైన గోతులు తవ్వుతున్నారు. 2024 మే 7న కురిసిన భారీ వర్షానికి బాచుపల్లిలోనే నిర్మాణంలో ఉన్న ఒక అపార్ట్‌మెంటు వద్ద రిటైనింగ్ గోడ కూలి, ఒక పసివానితో సహా ఏడుగురు మరణించారు. పొట్టచేత పట్టుకుని ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల నుంచి వచ్చిన కార్మిక కుటుంబాలవి. పొరుగున తవ్వకం ప్రారంభమవుతున్నదని తెలిసిన వెంటనే మీ ఇంటి గోడలను, నేలను తేదీతో ఫోటోలు తీసి భద్రపరచండి. పగుళ్లు కొత్తగా వస్తే నగరపాలక అధికారులకు రాతపూర్వకంగా తెలియజేయండి. మన గోడ పొరుగువానిపై పడకుండా చూడటం కూడా మన విధియే. పొరుగువాడు తన దూలాన్ని మన గోడకు ఆనించుకుంటే అడ్డు చెప్పవద్దని దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించినట్లు హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించారు. గోడ విషయంలో సైతం ఇరుగుపొరుగు హక్కును ఇస్లాం అంత సూక్ష్మంగా పరిగణించింది.

నిప్పు శత్రువు

2025 మే 18 ఉదయం చార్మినార్ సమీపంలోని గుల్జార్ హౌజ్ వద్ద పాత భవనంలో చెలరేగిన మంటలు 17 మందిని బలిగొన్నాయి. మృతులలో 8 మంది చిన్నారులు. షార్ట్ సర్క్యూట్ వల్లే ప్రమాదం జరిగిందని అధికారులు ప్రాథమికంగా భావించారు. లోపలికి, వెలుపలికి ఇరుకైన దారి ఒక్కటే ఉండటం విషాదాన్ని పెంచింది. మదీనాలో ఒక రాత్రి ఇల్లు కాలిపోయిన వార్త విన్నప్పుడు, నిప్పు మీకు శత్రువని, నిద్రకు ముందు దానిని ఆర్పివేయాలని దైవప్రవక్త (స) ఆదేశించిన విషయం బుఖారీ గ్రంథంలో నమోదైంది. ఆనాటి దీపం స్థానంలో ఈనాడు కరెంటు తీగ ఉంది.

పాతికేళ్ల నాటి వైరింగ్ ఒక ట్యూబులైటు, రెండు ఫ్యాన్లు, ఒక టీవీ కోసం వేసినది. దానిపైనే నేడు ఏసీ, గీజరు, వాషింగ్ మెషీను, ఇండక్షన్ పొయ్యి పనిచేస్తున్నాయి. స్విచ్చు బోర్డు వేడెక్కడం, కాలిన వాసన రావడం, ఫ్యూజు తరచూ పోవడం హెచ్చరికలు. ఫ్యూజులో లావు తీగ చుట్టడం ఆపదను కోరి తెచ్చుకోవడమే. గీజరుకు, ఏసీకి మెయిన్ బోర్డు నుంచి వేరుగా తీగలు వేయించండి. ఎంసీబీలతో పాటు 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ తప్పక అమర్చండి. షాకు తగిలిన క్షణంలోనే సరఫరాను నిలిపివేసే సాధనమది. దానిపై ఉండే టెస్టు మీటను నెలకొకసారి నొక్కి చూడాలి. ఎర్తింగ్ గుంత ఎండిపోతే పనిచేయదు, వేసవిలో అప్పుడప్పుడు నీరు పోయాలి. వాషింగ్ మెషీను తాకినప్పుడు జివ్వుమన్నదని ఇల్లాలు చెప్పిన మాటను తేలికగా కొట్టిపారేయకండి. ఎర్తింగ్ లోపానికి చాలాసార్లు అదే తొలి సాక్ష్యం.

గ్యాస్ సిలిండరు రబ్బరు గొట్టంపై ముద్రించిన గడువు చూసి మార్చండి. గ్యాస్ వాసన వస్తే స్విచ్చు వేయవద్దు, తీయవద్దు. రెగ్యులేటరు మూసి, కిటికీలు తెరిచి, బయటికి వచ్చి 1906కు ఫోను చేయండి. కిటికీ ఇనుప చట్రాలలో కనీసం ఒకదానికైనా లోపలి నుంచి తెరుచుకునే తలుపు పెట్టించడం పాత ఇళ్లకు ఎంతో అవసరం.

చుక్క చుక్కకూ లెక్క

సెకనుకు ఒక చుక్క కారే కుళాయి రోజుకు 86,400 చుక్కలు వృథా చేస్తుంది. ఇరవై చుక్కలను ఒక మిల్లీలీటరుగా లెక్కించినా నాలుగు లీటర్లు దాటుతుంది. దైవప్రవక్త (స) ఒక ముద్ద్ నీటితో, అంటే సుమారు ముప్పావు లీటరుతో వుజూ చేసేవారని హదీసులు తెలుపుతున్నాయి. ఆ లెక్కన మన కుళాయి ఒక్క రోజులో కార్చే నీరు ఐదు పూటల వుజూకు సరిపోయి ఇంకా మిగులుతుంది. దానిని ఆపడానికి కావలసిందల్లా చవకైన ఒక వాషరు, పావుగంట సమయం.

సంపు మూతకు తాళం ఉండాలి. తెరిచి ఉన్న సంపు పసిపిల్లల పాలిట మృత్యుగుండం. సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దించి శుభ్రం చేయించడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం. అందులోని విషవాయువు క్షణాల్లో ప్రాణం తీస్తుంది. యంత్రం ఉన్న బండినే పిలవండి.

ఎవరి పని ఇది?

మరమ్మతులు మగవారి పని అని భార్య, ఇంటి సంగతులు ఆడవారివి అని భర్త అనుకుంటే పగులు అలాగే పెరుగుతుంది. దైవప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు కుటుంబీకుల పనుల్లో పాలుపంచుకునేవారని, నమాజు వేళ కాగానే బయలుదేరేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. ఆయన తమ చెప్పులు తామే కుట్టుకునేవారు. బిడ్డకు పాలు మాన్పించే విషయంలో సైతం తల్లిదండ్రులు పరస్పరం సంప్రదించుకోవాలని ఖుర్ఆన్ సూచించింది. అలాంటప్పుడు ఇంటి ఖర్చు సంప్రదింపుకు అతీతం ఎలా అవుతుంది?

నెలకొక సాయంత్రం ఇద్దరూ కలిసి ఇల్లంతా తిరిగి చూడండి. లోపాలను ఒక పుస్తకంలో మూడు వరుసలుగా రాయండి: ప్రాణానికి ముప్పు తెచ్చేవి, ఆలస్యమైతే ఖర్చు పెరిగేవి, అందానికి సంబంధించినవి. డబ్బు ఏ క్రమంలో వెచ్చించాలో అప్పుడు తగవు లేకుండానే తేలుతుంది. మేస్త్రీలను, ఎలక్ట్రీషియన్లను భర్తో, ఇంటి పెద్దలో ఉన్న సమయానికే రమ్మనండి. ఇల్లాలు ఒంటరిగా ఉన్నప్పుడు అపరిచితులను పిలిపించి ఆమెను ఇబ్బందికి గురిచేయడం సబబు కాదు.

ఖర్చు, వాటాలు

తండ్రి మరణానంతరం పంపకం జరగని ఇల్లు అందులో నివసిస్తున్న కొడుకు ఒక్కడిదే కాదు. తల్లికి, అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు నిసా సూరా నిర్ణయించిన వాటాలు అందులో ఉన్నాయి. ‘ఇన్నేళ్లు బాగుచేయించింది నేనే, కనుక ఇల్లు నాదే’ అన్న వాదన అక్కచెల్లెళ్ల హక్కును మింగివేస్తుంది. మరోవైపు, అందరి ఆస్తిని ఒక్కడే కాపాడుతుంటే మిగిలినవారు పట్టనట్లుండటమూ న్యాయం కాదు. కప్పు, వైరింగు వంటి తప్పనిసరి పనులు వేరు, టైల్సు, అలమరాలు వంటి సొంత ముచ్చట్లు వేరు. మొదటి రకం పనులకు ముందే అందరి సమ్మతి తీసుకుని, రసీదులు దాచండి. ఎవరి వాటా ఎంతో కాగితంపై రాసి, ధర్మవేత్తను సంప్రదించండి. అన్నిటికంటే మేలైనది వారసత్వ పంపకాన్ని ఆలస్యం చేయకపోవడం.

నగలు కుదువపెట్టి వడ్డీకి అప్పు తేవడం కంటే, ప్రతి నెలా కొంత మొత్తం మరమ్మతుల కోసం పక్కన పెట్టడం శ్రేయస్కరం. అవసరం ముంచుకొస్తే ఆప్తుల నుంచి ఖర్జె హసన తీసుకుని, ఖుర్ఆన్ ఆదేశించినట్లు దానిని గడువుతో సహా రాసి ఉంచండి. కూలివారి వేతనాన్ని వారి చెమట ఆరకముందే చెల్లించాలన్న ప్రవక్త బోధనను గుర్తుంచుకోండి. ఎండలో మన మిద్దెపై పనిచేసేవారికి చల్లని నీరు, నీడ, భోజన విరామం ఇవ్వడం మన ఇంటికి శుభం చేకూరుస్తుంది.

పాత ఇల్లు మనకు పూర్వం కొందరికి నీడనిచ్చింది, మన తరువాత మరికొందరికి ఇవ్వవలసి ఉంది. రానున్న సెలవు రోజున దంపతులిద్దరూ బిస్మిల్లాహ్ అంటూ ఒక పుస్తకం, ఒక పెన్సిలు చేతబట్టి మిద్దె ఎక్కండి. మొదటి వరుసలో రాసిన మొదటి పనిని ఈ నెలలోనే ముగించండి. మన గృహాలను ప్రశాంతతకు, పరస్పర కరుణకు నిలయాలుగా అల్లాహ్ కాపాడుగాక! ఆమీన్.