మంచు ఎరుగని కృష్ణవేణి

సింధు, గంగానదుల ఎగువ భాగములకు అనావృష్టివేళ ఆసరా హిమాలయమే. వాన మొగము చాటు చేసినను వేసవి యెండకు హిమానీనదములు కరగి నీరందించును. మోపిదేవి పొలములను తడుపు కృష్ణకు ఆ భాగ్యము లేదు. మహాబలేశ్వరమువద్ద సహ్యాద్రిపై పుట్టిన ఈ నదికి ఋతుపవనములే ప్రాణము. ఎగువను వాన తప్పినచో దివిసీమ కాలువలు ఎండును. సముద్రపు ఉప్పునీరు ఏటిపాయలలోనికి ఎగబ్రాకును.

శ్రీశైలము, నాగార్జునసాగరము, పులిచింతల జలాశయములే కృష్ణకు హిమానీనదములు. కాని అవి కురిసిన వాననే దాచగలవు. తరతరాల మంచును కరగించి యీయలేవు. 2015లో పట్టిసీమ ఎత్తిపోతలద్వారా గోదావరి తోడైనది, అదియు వాననదియే.

హిమాలయపు నిధియు నేడు తరుగుచున్నది. భూతాపముచే మంచు వేగముగా కరగి మొదట ప్రవాహము హెచ్చును, పిదప క్షీణించును. మూలధనమును తిను సంసారమువంటిదది. మంచున్న నదికైనను, లేని నదికైనను ఇక పొదుపే శరణ్యము. కాలువ చివరి చేనికి నీరందవలెనన్న, ఆ పొదుపు కాలువ తలవద్దనే మొదలుకావలెను.