పరిమిత ఆదాయంలో సేంద్రియ ఆహారం: ఉద్దానం కుటుంబాలకు ఆచరణీయ మార్గాలు

శ్రీకాకుళం జిల్లాలో పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం మండలాలతో కూడిన తీరప్రాంతమే ఉద్దానం. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలకు ఇది పేరొందింది. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను ఈ తోటలను పెద్ద ఎత్తున నేలకూల్చి, వాటిపై ఆధారపడిన కుటుంబాల ఆదాయాన్ని దెబ్బతీసింది. దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి విస్తృతంగా ఉన్న ప్రాంతం కావడం వల్ల పురుగుమందుల అవశేషాలు లేని ఆహారం గురించిన ప్రశ్న ఇక్కడ మరింత ముఖ్యమైనది. అయితే ముద్ర వేసిన సేంద్రియ సరుకుల ధర కూలి కుటుంబాలకు అందుబాటులో ఉండదు. కనుక ఏది పండించుకోవాలి, ఏది కొనాలి, ఏది శుభ్రపరచుకుంటే చాలు అనే ఎంపికయే విస్తరణ సలహాకు కేంద్రం కావాలి.

పరిమాణం తగ్గరాదు

జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం 2000 కిలో కేలరీల ఆహారంలో రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు ఉండాలి. నలుగురున్న ఇంటికి ఇది నెలకు 48 కిలోలు. కిలోకు 20 రూపాయలు అదనంగా చెల్లించవలసి వస్తే నెలకు 960 రూపాయల భారం పడుతుంది. ఆ భారం భరించలేక కూరగాయలనే తగ్గిస్తే నష్టమే అధికం. 2012లో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించిన సమీక్షలో సేంద్రియ ఆహారం పోషక విలువలో మెరుగైనదనడానికి బలమైన ఆధారాలు లభించలేదు. పురుగుమందుల అవశేషాలు ఉండే అవకాశం మాత్రం తక్కువని తేలింది. అందువల్ల తగినంత తినడం మొదటి అవసరం, అవశేషాలను తగ్గించుకోవడం రెండవది.

ఇంటి వద్ద, తోటలో

పెరటి మునగ, అవిశ, కరివేపాకు, బొప్పాయి, పచ్చికూరకు పనికివచ్చే పనసకాయ సాధారణంగా పురుగుమందులు లేకుండానే లభిస్తాయి. ముందుగా వీటి వినియోగాన్ని పెంచుకోవాలి. తిత్లీ తరువాత నాటిన కొబ్బరి తోటలలో మొక్కలు గుబురుగా ఎదిగే వరకు, అంటే సుమారు మొదటి ఎనిమిదేళ్ల పాటు, అంతర పంటలకు తగిన వెలుతురు ఉంటుంది. ఆ వరుసల మధ్య ఇంటి అవసరానికి కూరగాయలు పండించవచ్చు.

ఆకుకూరలు త్వరగా చేతికి వస్తాయి. ఆకునే తింటాం గనుక అవశేషాల ఆందోళన కూడా వాటిలోనే ఎక్కువ. అర సెంటు నేలను నాలుగు మళ్లుగా చేసి, వారానికొక మడిలో తోటకూర, గోంగూర, పాలకూర విత్తుకుంటే ఇంటి ఆకుకూర అవసరంలో అధిక భాగం తీరుతుంది. ఉద్దానంలోని ఇసుక నేలలు నీటిని నిలుపుకోలేవు. కనుక బాగా చివికిన పశువుల ఎరువు వేసి, కొబ్బరి పీచు లేదా ఎండుటాకులతో ఆచ్ఛాదన కల్పించాలి.

పెరటి తోటకు 20 లీటర్ల నీటిలో కిలో ఆవు పేడ, లీటరు ఆవు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల పప్పుపిండి, గుప్పెడు గట్టు మన్ను కలిపి, నీడలో 48 గంటలు ఉంచి, రోజుకు రెండుసార్లు కలియబెడితే జీవామృతం సిద్ధమవుతుంది. దీనిని నేలకే అందించాలి. కోతకు వచ్చిన ఆకుకూరలపై చల్లితే పేడలోని హానికర సూక్ష్మజీవులు ఆహారంలో చేరే ప్రమాదం ఉంది.

కొనుగోలులో విచక్షణ

మహిళా స్వయం సహాయక సంఘాల సభ్యులు కలసి సమీప రైతు వద్ద బియ్యం, పప్పులు, చోళ్ళు పంట కాలంలోనే కొని నిల్వ చేసుకుంటే మధ్యవర్తుల ఖర్చు తగ్గుతుంది. రైతు సాధికార సంస్థ 2016 నుండి రాష్ట్రంలో అమలు చేస్తున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలోని రైతులు ఇందుకు అనువైనవారు. నమ్మకానికి ఆధారం కావాలంటే, కనీసం ఐదుగురు రైతులు బృందంగా ఏర్పడి పరస్పరం తనిఖీ చేసుకునే పి.జి.ఎస్. ఇండియా విధానం ఖర్చు తక్కువైనది. మార్పిడి దశలోని పంటకు ‘గ్రీన్’, అది పూర్తయిన పంటకు ‘ఆర్గానిక్’ గుర్తింపు లభిస్తుంది.

మామూలు కూరగాయలను లీటరు నీటికి 20 గ్రాముల ఉప్పు కలిపిన ద్రావణంలో పది నిమిషాలు ఉంచి, మంచినీటితో రెండుసార్లు కడగాలి. దీనివల్ల ఉపరితల అవశేషాలు తగ్గుతాయి; మొక్క లోపలికి వ్యాపించే అంతర్వాహిక మందులు మాత్రం తొలగవు.

మూత్రపిండాల వ్యాధి ఉన్న ఇళ్లలో

ఉద్దానంలో ఈ వ్యాధికి మూలకారణం ఇంకా నిర్ధారణ కాలేదు. సేంద్రియ ఆహారం దీనిని నివారిస్తుందనీ, నయం చేస్తుందనీ చెప్పడం శాస్త్రీయం కాదు. అంతకు మించిన ప్రమాదం మరొకటి ఉంది. వ్యాధి ముదిరిన వారిలో పొటాషియం బయటకు పోక రక్తంలో పేరుకుని, గుండె లయను దెబ్బతీయవచ్చు. కొబ్బరి నీటిలో 100 మిల్లీలీటర్లకు సుమారు 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. ఆకుకూరలు, మునగాకు, పనస కూడా పొటాషియం గలవే. ఎంత సేంద్రియంగా పండినా ఈ గుణం మారదు. ఆరోగ్యవంతులకు మేలైన పెరటి పంటయే రోగికి హాని కావచ్చు. వైద్యుడు పొటాషియం తగ్గించమన్న వారికి కూరలను చిన్న ముక్కలుగా కోసి, ఎక్కువ నీటిలో ఉడికించి, ఆ నీటిని పారబోసి వండాలి. మోతాదును పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన ప్రభుత్వ కిడ్నీ ఆసుపత్రి వంటి చోట వైద్యులు, ఆహార నిపుణుల సలహాతోనే నిర్ణయించుకోవాలి.

విస్తరణ సిబ్బందికి

పలాస, టెక్కలి డివిజన్లలో పెరటి తోటల విత్తనాలు పంచే ముందు ఇంట్లో మూత్రపిండాల రోగి ఉన్నదీ లేనిదీ తెలుసుకోవాలి. ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రం వంటి సంస్థల శిక్షణలలో సాగు పాఠంతో పాటు వంట పద్ధతులనూ చేర్చాలి. ముద్ర ఉన్న ఖరీదైన సరుకు కొనలేని కుటుంబం తన ఆరోగ్యం విషయంలో వెనుకబడినట్లు భావించనవసరం లేదు. తగినంత కూరగాయలు, అర సెంటు ఆకుకూర మడి, తెలిసిన రైతు వద్ద ఉమ్మడి కొనుగోలు, శుభ్రమైన వంట: ఈ క్రమంలో సాగితే ఉన్న ఆదాయంలోనే అవశేషాల భారం గణనీయంగా తగ్గుతుంది.