లేజర్ టెలివిజన్
లేజర్ కిరణంతో తెరపై కదిలే బొమ్మను గీసే సాధనమే లేజర్ టెలివిజన్. 1960లో థియోడర్ మైమన్ తొలి లేజర్‌ను పనిచేయించిన కొద్ది సంవత్సరాలకే ఈ ప్రయత్నాలు మొదలైనవి. చిక్కంతా కిరణాన్ని త్రిప్పడంలోనే ఉండేది. నాటి అమెరికా పద్ధతిలో సెకనుకు 30 బొమ్మలు, బొమ్మకు 525 గీతలు, అనగా 15,750 గీతలు గీయాలి. అంత వేగంగా అద్దాన్ని ఊపడం కష్టం.

1966లో షికాగోలోని జెనిత్ సంస్థలో కోర్పెల్, రాబర్ట్ ఆడ్లర్ ప్రభృతులు అద్దం చేయవలసిన ఈ పనిని శబ్దానికి అప్పగించారు. ద్రవంలో సాగే అతిధ్వని తరంగాలు వివర్తన జాలకంవలె కిరణాన్ని వంచుతాయి. పౌనఃపున్యం మారితే వంపు, తీవ్రత మారితే వెలుగు మారుతాయి. (అతిధ్వనితో పనిచేసే టీవీ రిమోట్ రూపకర్త కూడా ఆడ్లరే.) హీలియం-నియాన్ లేజర్ వాడినందున బొమ్మ ఎరుపుగానే కనిపించేది. నీలం, ఆకుపచ్చలకు 1964 నాటి ఆర్గాన్ లేజర్ ఉన్నా, అది విపరీతంగా విద్యుత్తును తినేది. ఇంట్లో పెట్టుకొనే వస్తువు కాదు.