రెండు వాకిళ్ల దేవాలయము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో టెన్నెసీ, ఉత్తర కెరొలైనా రాష్ట్రముల సరిహద్దున గ్రేట్ స్మోకీ పర్వతములను కొండల వరుస కలదు. అడవులనుండి లేచు ఆవిరి నీలపు పొగవలె కొండలపై నిలుచుటచే వానికా పేరు కలిగెను. టెన్నెసీ వైపున, సముద్రమట్టమునకు సుమారు 1,800 అడుగుల యెత్తున, నాలుగు ప్రక్కల కొండలు చుట్టుకొనిన కేడ్సు కోవు అను లోయలో మెథడిస్టువారి చెక్క దేవాలయమొకటి నిలిచియున్నది. ఒకటే గది, పైని చిన్న గంటగూడు, ప్రక్కను సమాధులు, ముందు రెండు వాకిళ్లు. నేడచ్చట సంఘము లేదు, బోధకుడు లేడు. అయినను ఏటేట లక్షలకొలది జనులు వచ్చి దానిని చూచిపోవుచుందురు. ఇంత చిన్న గుడికి రెండు వాకిళ్లెందులకని వారిలో పలువురు అడుగుదురు. ఆ సంగతి ముందు పోగా చెప్పెదను.

ఆ లోయ మొదట చెరొకీ జాతివారిది. 1818వ సంవత్సరమున జాన్ ఆలివరు, ఆయన భార్య లుక్రీషియా అను తెల్లజాతి దంపతులు అచ్చటికి కాపురము వచ్చిరి. వారు వచ్చుసరికి పంట కాలము దాటిపోయెను. ఆ చలికాలమున చెరొకీవారు ఎండిన గుమ్మడికాయ ముక్కలు ఇచ్చి వారి ప్రాణములు నిలిపిరని చెప్పుదురు. ఆ మరుసటి యేడే, అనగా 1819లో, ఒక ఒడంబడికవలన ఆ భూమి చెరొకీల చేయి దాటిపోయెను. 1838లో ప్రభుత్వమువారు ఆ జాతిలో అధిక సంఖ్యాకులను సైనికుల కాపుదలతో పడమటికి తరిమివేసిరి. దారిలోను శిబిరములలోను చనిపోయినవారు సుమారు 4,000 మంది అని అంచనా. ఒక గుడి కథలో ఇదియంతయు ఏల యని తలంపవద్దు. ఆ గుడి పునాదికి క్రిందనున్న నేల కథ యిదియే.

ఆ నేల మిక్కిలి సారవంతము. పూర్వము భూగర్భ శక్తులచే ప్రాచీన శిలలు త్రోయబడి, వానికంటె తరువాతి కాలపు సున్నపురాతిపై ఎక్కి కూర్చుండెను. కాలక్రమమున పై శిల అరిగిపోయి, కిటికీ తెరచినట్లు అడుగు సున్నపురాయి బయటపడి, దాని పొడి మంచి మట్టియైనది. మొక్కజొన్న బాగుగ పండెను, కుటుంబములు పెరిగెను.

అట్టి మారుమూలలకు మెథడిస్టు బోధ గుఱ్ఱముపై చేరెను. వెస్లీ పేరు తెలుగు దేశమున, అందును మెదకు ప్రాంతమున, ఎరుగనివారు అరుదు. ఆయన అనుచరుడగు ఫ్రాన్సిసు ఆస్బరీ 1771లో ఇంగ్లండు నుండి అమెరికా చేరి, బోధకులను ఒక్కొక్క ఊరికి కాక ఒక్కొక్క ప్రాంతమునకు పంపు పద్ధతిని అచ్చట స్థిరపరచెను. బోధకుడు జీను సంచులలో గ్రంథములు పెట్టుకొని ఊరూర తిరుగుచు కొన్ని వారములకొకసారి మరల అదే ఊరు చేరెడివాడు. బోధకుడు రాని ఆదివారములలో ఊరివారిలో ఒకరు ప్రార్థన నడిపెడివారు. ఆస్బరీ తానును ఊరకుండలేదు. 1810లో, 65 యేండ్ల వయస్సున, జబ్బు శరీరముతోనే స్మోకీ పర్వతములు దాటి కాటలూచీ లోయ మార్గమున ఉత్తర కెరొలైనాకు పోయెను.

కేడ్సు కోవులో మెథడిస్టు సంఘము 1820 తరువాతి దశకమున ఏర్పడెను. బాప్టిస్టులు 1827లో సంఘము కట్టిరి. సంఖ్యలో వారే ఎక్కువ. మెథడిస్టుల మొదటి గుడి దుంగలతో కట్టినది. దానికి నేల మన్ను, నడుమ నిప్పుగుంట.

సంఘ చరిత్రలు వ్రాయువారు కొందరు ఇటుపిమ్మటి భాగమును త్వరగా దాటిపోవుదురు. అది నాకు సమ్మతము కాదు. 1844లో అమెరికా మెథడిస్టుల మహాసభలో బానిసలు గల ఒక బిషప్పును గూర్చి వివాదము పుట్టి, సంఘమంతయు ఉత్తర దక్షిణములుగ చీలెను. ఆ చీలిక 1939 వరకు మానలేదు. 1861లో అంతర్యుద్ధము వచ్చెను. టెన్నెసీ దక్షిణ పక్షమున చేరినను, దాని తూర్పు కొండసీమవారిలో అధికులు ఐక్యరాజ్య పక్షమువారు. ఇరుగుపొరుగు ఇండ్లే రెండు పక్షములైనవి. బాప్టిస్టువారి ప్రధాన సంఘము యుద్ధకాలమున మూతపడెను. మెథడిస్టులలోను భేదము ముదిరి, యుద్ధానంతర కలహములతో కలిసి, కొందరు విడిపోయి లోయకు ఆవలి ప్రక్కను హోప్‌వెల్ అను వేరు సంఘము పెట్టుకొనిరి. ఆ గుడి నేడు లేదు. ఒకే పుస్తకము చదివి, ఒకే కీర్తనలు పాడి, ఒకే చేలగట్టున పనిచేసిన మనుష్యులు ఆదివారమున మాత్రము చెరియొక దిక్కునకు నడిచిరి!

ఇప్పుడున్న గుడి 1902లో లేచెను. కట్టినవాడు జె. డి. మెకాంబెల్, కమ్మరియు వడ్రంగియు. 115 దినములలో 115 డాలర్లకు పని ముగించెను. రోజునకెంత పడెనో మన విద్యార్థులు పలక లేకుండనే చెప్పగలరు. పిమ్మట ఆయనయే ఆ గుడిలో బోధకుడాయెను. తాను చిత్రిక పట్టిన బల్లల నడుమ నిలిచి బోధించు భాగ్యము ఎందరికి కలుగును?

ఇక వాకిళ్ల సంగతి. ఆ కాలమున కొన్ని సంఘములలో పురుషులొక వాకిట, స్త్రీలొక వాకిట ప్రవేశించి వేరువేరుగ కూర్చుండెడివారు. మన పల్లె దేవాలయములలోను ఆ ప్రక్క పురుషులు, ఈ ప్రక్క స్త్రీలు కూర్చుండుట మీరెరిగినదే. అయితే కేడ్సు కోవు మెథడిస్టులకు అట్టి నియమము లేదు. ఇష్టమైన చోట కూర్చుండిరి. అట్టి నియమము గల వేరొక సంఘమువారి నమూనా తెచ్చుకొని కట్టుటచేత రెండు వాకిళ్లు వచ్చెనని చెప్పుదురు. జనులను నిజముగా విడదీసిన యుద్ధము గోడపై ఏ గుర్తును విడువలేదు. ఎవరిని విడదీయని వాకిళ్లు మాత్రము నేటికిని కనబడుచున్నవి.

ఆ గుడిలో ఆరాధన చిరకాలము సాగలేదు. 1926లో ఆ పర్వతములను జాతీయ ఉద్యానవనము చేయుటకు శాసనము పుట్టెను. రాక్‌ఫెల్లరు నిధి 50 లక్షల డాలర్లు ఇచ్చెను. మొదట లోయవారికి 'మీ యిండ్ల జోలికి రాము' అని అభయమిచ్చిరి. 1927లో బలవంతముగ భూమి తీసికొను అధికారము రాష్ట్ర శాసనమువలన కలిగెను. మొదటి జాన్ ఆలివరు మునిమనుమడు జాన్ డబ్ల్యు. ఆలివరు న్యాయస్థానములలో ఏండ్లకొలది పోరాడి ఓడిపోయి, 1937 క్రిస్మసు దినమున లోయ విడిచెను. చెరొకీల భూమిపై స్థిరపడిన కుటుంబమువారు ఒక నూరేండ్ల పైని అదే తీరున భూమి కోల్పోయిరి. రెంటిని ఒకే త్రాసున తూచరాదు. వీరికి సొమ్ము ముట్టెను, సైనికులు తరుమలేదు. అయినను పుట్టిన యిల్లు విడుచునప్పటి కన్నీరు ఒక్కటే.

అడవులు మరల పెరిగెను. ఎలుగుబంట్లు, జింకలు కాపాడబడెను. ఈ మేలును కాదనలేము. అయితే ఉద్యానవనపువారు క్రొత్తకాలపు పలకల యిండ్లను చాలవరకు తీసివేసి దుంగల యిండ్లను నిలిపిరి. అందుచేత లోయవారందరు తుదివరకు దుంగల గుడిసెలలోనే బ్రదికిరని చూపరులు భ్రమపడుదురు. గుడులను మాత్రము ఉంచిరి.

ఆస్బరీ దాటిన కాటలూచీ లోయయు ఇదే ఉద్యానవనములో చేరి ఖాళీ అయినది. అచ్చట 1898లో కట్టిన పామర్ చాపెల్ అను మెథడిస్టు గుడి ఉన్నది. ఏటేట ఆగస్టు మాసమున ఒక ఆదివారము పూర్వపు నివాసుల బిడ్డలు, మనుమలు దూరపు పట్టణములనుండి వచ్చి, ఆ గుడిలో ఆరాధన చేసి, తెచ్చుకొనిన భోజనము చెట్లక్రింద పంచుకొని తిని, పెద్దల సమాధులపై పూలుంచి, సాయంకాలమునకు తలుపు మూసి వెళ్లుదురు.